తీసేసిన ముక్కల్లో అమ్మ

ఆదివారం వస్తే మా ఇంట్లో టీవీ దగ్గర ఒక పంచాయితీ తప్పదు. ఎమ్మిగనూరు నుంచి మా నాయన వచ్చిన వారం అది ఇంకాస్త పెద్దదవుతుంది. నాయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. చెవులు బాగా మందగించాయి. మిషన్ కొనిచ్చాం గానీ, అది పెట్టుకుంటే మనుషుల మాటల కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువ వినిపిస్తుందని తీసి జేబులో వేసుకుంటాడు. ఆయన కోసం సౌండు పెంచితే పిల్లలు చెవులు మూసుకుంటారు. తగ్గిస్తే ఆయన బొమ్మలు చూస్తూ కూర్చుంటాడు. అందరూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా తానూ నవ్వుతాడు. ఆ ఆలస్యపు నవ్వు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్లు ఉంటుంది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో బెంగుళూరు నుంచి మా తమ్ముడు ఒక డిస్కు తెచ్చాడు. చార్లీ చాప్లిన్ 1921లో తీసిన ‘ది కిడ్’. శుభ్రం చేసి అమెరికాలో క్రైటీరియన్ అనే సంస్థ 2016లో విడుదల చేసిన బ్లూరే. మా ప్లేయర్‌లో పెడితే ఆడలేదు. బ్లూరేలకు ప్రాంతాల లెక్క ఉంటుందట. అమెరికాది ఏ, మనది సి. “దేశం దాటితే సినిమాకు కూడా వీసా కావాలా?” అన్నారు మా ఆయన. చివరికి తమ్ముడే అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే తన ప్లేయర్‌ను ఇంకోసారి వచ్చినప్పుడు ఆదోనికి మోసుకొచ్చాడు.

సినిమా మొదలైన పది నిమిషాలకు నాయన నా వైపు తిరిగి, “నాకు ఇనపడల్యా అనుకుంటి. వీల్లు అసలు మాట్లాడనే మాట్లాడ్రా ఏంది పాపా?” అన్నాడు. కాదని తల ఊపాను. ఆయన కాసేపు ఆలోచించి, “అట్లయితే ఈ సినిమాకు మనమంతా సమానమే” అన్నాడు.

చాప్లిన్ నిద్ర లేచి, చిరుగుల దుప్పటి చిల్లులోంచి తల బయటపెట్టి దాన్నే అంగీలాగా తొడుక్కునే చోట నాయన అందరికంటే ముందు నవ్వాడు. మధ్య మధ్య వచ్చే ఇంగ్లీషు అట్టలను మా పాప ఆయన ముఖానికి ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేటట్లు తెలుగులో చెప్పింది. రెండు మూడు అట్టలయ్యాక, “వద్దులే, నాకు తెలస్తాంది” అన్నాడు. చిన్నప్పుడు నీలకంఠేశ్వరస్వామి జాతరలో డేరా కింద నేల మీద కూర్చుని సినిమాలు చూసిన మనిషి. ఎంతో కాలం తర్వాత మళ్లీ మాతో పాటు, మాతో సమానంగా ఒక సినిమా చూశాడు.

మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి ఇదంతా వృథా ఖర్చు. “ఇది యూట్యూబ్‌లో ఫ్రీగానే ఉంది కదమ్మా” అని ఫోనులో తీసి టీవీ పక్కన పెట్టాడు. మంచి పని చేశాడు. రెండూ పక్కపక్కన చూస్తే తేడా ఎవరూ చెప్పనక్కర లేకుండా తెలిసింది. ఫోనులో ఉన్నదాంట్లో తెర నిండా గీతలు, వాన పడుతున్నట్లు. పై అంచున తలలు తెగిపోయాయి. మనుషులు చీమల్లా పరుగులు తీస్తున్నారు. వెనక ఎవరో అతికించిన పియానో, ఏడుపు సీనుకూ అదే, దెబ్బలాట సీనుకూ అదే.

ఆ పరుగుల సంగతి నాకు డిస్కులోని అదనపు భాగాల్లోనే అర్థమైంది. మూకీల రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు ఇన్ని బొమ్మలు అని స్థిరమైన లెక్క లేదు. మాటలు వచ్చాక 24 బొమ్మల లెక్క ఖాయమైంది. 16, 18 బొమ్మల వేగంతో తీసినదాన్ని తెచ్చి 24 వేగంలో వేస్తే మనుషులు ఎగిరెగిరి పడతారు. కొన్నిచోట్ల హాస్యం కోసం కావాలనే కెమెరాను నెమ్మదిగా తిప్పేవారట. తెర మీద ఎంత వేగం కనపడాలో ముందే లెక్క వేసుకుని, దానికి తగ్గట్లు నటులు నిదానంగా నటించేవారు. బెన్ మోడల్ అనే ఆయన ఇదంతా ముక్కముక్కగా ఆపి చూపిస్తాడు. మనం ఇన్నాళ్లూ ‘పాత సినిమా అంటే ఇట్లే గంతులేస్తుంది’ అనుకున్నదాంట్లో సగం వాళ్ల తప్పు కాదు, మనకు చూపించినవాళ్ల తప్పు.

శుభ్రం చేయడమంటే ఏమిటో కూడా చెప్పాలి. చాప్లిన్ సినిమాలను ఇటలీలోని బొలోన్యా నగరంలో, అక్కడి సినిమా భాండాగారం వాళ్లు బాగు చేశారు. మిగిలిన ప్రింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతారు. ఒకదాంట్లో పాడైన చోట ఇంకోదాంట్లో బాగుందేమో ఫ్రేము ఫ్రేముగా పోల్చి చూస్తారు. చిరిగిన అంచులు అతుకుతారు. స్కాన్ చేసి దుమ్మూ గీతలూ తీస్తారు. మరీ నున్నగా చేసి పాతదనం పోగొట్టకుండా చేయి ఆపుకుంటారు. ఇది నేను నాయనకు సైగలతో సగం, కాగితం మీద రాసి సగం చెప్పాను. ఆయన నలభై ఏళ్లు గుంత మగ్గం మీద కూర్చున్న మనిషి. “పడుగులో పోగు తెగితే వెతికి ముడేస్తాం. ముడి కనపడితే పనోడు కాదు, ముడి వేయకపోతే గుడ్డే కాదు” అన్నాడు. పుస్తకంలో చదివినా నాకు అంత బాగా అర్థమయ్యేది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంట్లో పెట్టుకోవడానికి ఒక పాత సినిమా కొంటే, సినిమా కంటే దాని అదనపు భాగాల కోసమే కొనాలని నా అభిప్రాయం. వాటిని పిల్లలతో కూర్చుని చూడాలి. భోజనం అయ్యాక వక్క పలుకుల్లాగా చాలామంది వాటిని వదిలేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను, ‘ది కిడ్’లో తీసేసిన సీన్లు చూసేదాకా.

కథ మీకు తెలిసే ఉంటుంది. పెళ్లి కాని ఒక తల్లి బిడ్డను పెద్దింటివాళ్ల కారులో వదిలేస్తుంది. కారు దొంగలపాలై, బిడ్డ చాప్లిన్ చేతికి వస్తాడు. ఆ తల్లిగా వేసింది ఎడ్నా పర్వియన్స్. చాప్లిన్ 1970ల మొదట్లో, ఎనభై దాటిన వయసులో, ఈ సినిమాకు తానే కొత్తగా సంగీతం కట్టి మళ్లీ విడుదల చేశాడు. అప్పుడు కొన్ని సీన్లు కత్తిరించాడు. ఈ కాలానికి మరీ ఏడుపుగా ఉంటాయనుకున్నాడట. ఆ తీసేసిన సీన్లు అన్నీ తల్లివే. చర్చి ముందు ఒక చిన్న వయసు పెళ్లికూతురు, ముసలి పెళ్లికొడుకుతో బయటికి వస్తుంటే ఈమె చూస్తూ నిలబడే సీను. వంతెన మీద ఒంటరిగా నిలబడే సీను. ఏళ్ల తర్వాత బిడ్డ తండ్రి ఎదురుపడే సీను. ఎడ్నా 1958లోనే చనిపోయింది. అడగడానికి ఆమె లేదు.

మా ఆయన అన్న మాటలో న్యాయం ఉంది. “తీసినాయనే వద్దనుకున్నాడు కదా. మళ్లీ ఎందుకు బయటికి తీయడం? వండినమ్మ తీసి పక్కన పెట్టిన మాడును వడ్డించినట్లు కాదా?” కానీ బాగు చేసినవాళ్లు సినిమాను ఆయన కోరినట్లే ఉంచారు. సీన్లను తెచ్చి మధ్యలో దూర్చలేదు. విడిగా, వేరే వరుసలో పెట్టారు. కావాలంటే చూడు, లేకపోతే లేదు. పట్టుచీర బీరువాలో ముందుంటుంది, అమ్మ నేతచీర ట్రంకుపెట్టె అడుగున ఉంటుంది. అడుగున ఉన్నంత మాత్రాన అది చెత్త కాదు కదా.

మా పాపకు ఇంకో అనుమానం వచ్చింది. “ఆ పిల్లోడు తర్వాత ఏమయ్యాడు?” దానికీ డిస్కులో జవాబు ఉంది. జాకీ కూగన్. సినిమా తీసేటప్పుడు ఐదేళ్లవాడు. ఆ తర్వాత లక్షల డాలర్లు సంపాదించాడు. తండ్రి కారు ప్రమాదంలో పోయాడు. పెద్దయ్యాక చూస్తే తల్లీ, మారుతండ్రీ డబ్బంతా ఖర్చు పెట్టేశారు. 1938లో కోర్టుకు వెళ్లాడు. దక్కింది కొంచెమే. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో, పని చేసే పిల్లల సంపాదనలో కొంత వాళ్ల పేరునే దాచాలని చట్టం వచ్చింది. దాన్ని కూగన్ చట్టమనే అంటారు. సినిమాలో బిడ్డను వదిలి వెతుక్కున్న తల్లి, బయట బిడ్డ సొమ్మును దాచని తల్లి. దాచాల్సింది దాచకపోతే ఏమవుతుందో ఇంతకంటే ఎవరు చెప్పగలరు?

ఆ రాత్రి నాయన, “మన పెండ్లి సీడీ ఉండాది కదా, అది పెట్టు పాపా” అన్నాడు. ‘మన పెండ్లి’ అంటే నాదే, 2000లో ఎమ్మిగనూరులో జరిగింది. అప్పట్లో అందరివీ క్యాసెట్లే. అటక మీద బూజు పట్టి, సగం బతికించి సీడీకి ఎక్కించాం. మీలో నా వయసు వాళ్లకు ఆ వీడియోలు ఎట్లుంటాయో తెలుసు. గులాబీ పువ్వులోంచి పెళ్లికూతురు రావడం, హృదయం ఆకారంలో అత్తమామలు తిరగడం, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు. ఒక్క మనిషి గొంతూ వినపడదు. ఆలోచిస్తే మా పెళ్లి కూడా ఒక మూకీయే.

అందులో మా అమ్మ రెండుసార్లు కనపడుతుంది. రెండూ కలిపి పది సెకన్లు ఉండవు. అమ్మ 2009లో పోయింది. కదిలే బొమ్మగా అమ్మ ఇక ఎక్కడా లేదు.

రెండోసారి కనపడినప్పుడు అమ్మ పెళ్లిపందిట్లో ఎవరితోనో ఏదో అంటుంది. వెనక పాట మోగుతోంది. నేను ఆ ముక్కను ఎన్నోసార్లు చూశాను, ఏమందో నాకు ఎప్పుడూ తెలియలేదు. నాయన ముందుకు వంగి, “తలంబ్రాల పళ్లెం యాడ పెట్టినావే అంటాంది” అన్నాడు.

చెవులు పోయాక నాయన పెదాలు చదవడం నేర్చుకున్నాడు. మాకెవరికీ ఆ సంగతి పట్టలేదు. మళ్లీ వెనక్కి తిప్పి పెట్టమన్నాడు. మళ్లీ అదే చెప్పాడు. ఇంకోసారి. మా అబ్బాయి ఏమీ మాట్లాడకుండా రిమోట్ నొక్కుతూ కూర్చున్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆల్బమ్‌కు ఫోటోలు ఎంచుకోవడానికి వెళ్లినప్పుడు వీడియో తీసినాయన కత్తిరించని టేపులు ఒకసారి వేసి చూపించారు. అందులో అమ్మ వంటల దగ్గర ఓళిగలు లెక్కపెడుతూ, కెమెరా వైపు చెయ్యి ఊపి, “నన్నెందుకు తీస్తావు నాయనా, పెండ్లికూతుర్ని తీయి పో” అంటుంది. గొంతుతో సహా. నేను నవ్వి, “ఇవన్నీ ఎందుకు, తీసేయండి” అన్నాను. అమ్మ పోయాక ఆ టేపుల కోసం వెళ్తే, వాటి మీద ఎప్పుడో వేరే పెళ్లిళ్లు తీసేశారు. ఆయన్ను అనడానికి ఏమీ లేదు. క్యాసెట్టు ఖరీదు ఆయనకు బరువు. అడగాల్సిన బాధ్యత నాది. తీసేయమన్నది నేనే.

సినిమాలు పోయింది కూడా ఇలాగే. ఎవరో దుర్మార్గంగా కాల్చేయలేదు. 1912 నుంచి 1929 వరకు అమెరికాలో తీసిన పూర్తి నిడివి మూకీలు దాదాపు 11,000. వాటిలో 70 శాతం పూర్తిగా పోయాయని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించింది. అప్పటి ఫిల్ము నైట్రేట్‌తో చేసినది, చటుక్కున అంటుకుంటుంది. 1937లో న్యూజెర్సీలో ఒక పెద్ద స్టూడియో ఫిల్ము గిడ్డంగి అట్లే కాలిపోయింది. మాటల సినిమాలు వచ్చాక పాతవాటికి గిరాకీ లేక, వాటిలోని వెండి కోసం కరిగించినవి ఎన్నో. చోటు కావాలి, ఖర్చు మిగలాలి, ఇవన్నీ ఎందుకు. నేను అన్న మాటే.

మరి మిగిలినవి ఎట్లా మిగిలాయి? చాలావరకు ఎవరో ఒకరి ఇంట్లో. బస్టర్ కీటన్ అని చాప్లిన్‌కు సరిసాటి హాస్యనటుడు ఉండేవాడు. ఆయన ఒకప్పుడు ఉన్న ఇంటిని జేమ్స్ మేసన్ అనే నటుడు కొన్నాడు. 1950ల్లో ఆ ఇంట్లోనే కీటన్ సినిమాల రీళ్లు బయటపడ్డాయి. లారెల్, హార్డీల 1927 నాటి ‘ది బ్యాటిల్ ఆఫ్ ద సెంచరీ’లో వీధి వీధంతా ఒకరి ముఖాన ఒకరు క్రీము రొట్టెలు కొట్టుకుంటారు. ఆ రీలు చాలా ఏళ్లు పూర్తిగా దొరకలేదు. 2015లో ఒక పాత సేకరణలో దొరికింది. చాప్లిన్ వాడకుండా పక్కన పడేసిన ఫిల్ముతోనే 1983లో కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ ‘అన్‌నోన్ చాప్లిన్’ అనే డాక్యుమెంటరీ తీశారు. ఒక్క నవ్వు కోసం ఆయన ఒకే పనిని ఎన్నిసార్లు మార్చి మార్చి చేశాడో అందులో కనపడుతుంది. ఫోనులో ముప్ఫై సెకన్ల రీలు చూసి విసుగుపడే మా అబ్బాయి దాన్ని కదలకుండా చూశాడు.

మన సంగతి చెప్పుకుంటే బాధగా ఉంటుంది. తెలుగు సినిమాకు ఆద్యుడని రఘుపతి వెంకయ్య పేరు చెప్పుకుంటాం. ఆయన పేరిట అవార్డులు ఇస్తాం. ఆయనా, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి 1920ల మొదట్లో మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ మనకు మిగల్లేదు. మొదటి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ కూడా అంతే. దేశం మొత్తం మీద వెయ్యికి పైగా మూకీలు తీశారు, మిగిలినవి ముక్కలతో కలిపినా కాసిన్నే. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం 1964లో పెట్టేనాటికే చాలా ఆలస్యమైంది. ఫాల్కే 1919లో తన చిన్న కూతురు మందాకినిని కృష్ణుడిగా పెట్టి తీసిన ‘కాళీయ మర్దన్’ లాంటివి దక్కాయంటే, ఆ భాండాగారాన్ని నడిపిన పి.కె. నాయర్ లాంటి మనుషులు వెంటపడి వెతకబట్టే.

నేను సినిమా చదువు చదువుకోలేదు. ఇల్లు నడుపుతున్నదాన్ని. నాకు తెలిసినంతలో దాచడం అనేది ఇంటిపని. పప్పుకు పురుగు పట్టకుండా ఎండలో పోయడం, పట్టుచీరను మడత మార్చి పెట్టడం, చిరిగిన దుప్పట్లతో బొంత కుట్టడం. చేసినంత కాలం ఎవరికీ కనపడదు, మానేసిన రోజు కనపడుతుంది. బొలోన్యాలో వాళ్లు చేసేదీ ఇదే. డిస్కులో అదనపు భాగాలు ఎందుకు ముఖ్యమంటే, ఆ కనపడని పని కనపడే చోటు అదొక్కటే. మన తెలుగు డిస్కులు చాలా కొన్నాం ఒకప్పుడు. మూలన కంపెనీ ముద్ర, మధ్యలో ప్రకటనలు, తెగిపోయిన పాటలు. సినిమా ఎట్లా తీశారో ఒక్క మాట ఉండేది కాదు.

1987లో సింగీతం శ్రీనివాసరావు గారు కమల్ హాసన్‌తో ఒక్క మాట లేకుండా ‘పుష్పక విమానం’ తీశారు. పెద్ద హోటలు గదిలో నిద్ర పట్టక, తన పాత గది దగ్గరి సినిమా హాలు రొదను రికార్డు చేసి తెచ్చుకుని, అది పెట్టుకుని నిద్రపోతాడు కథానాయకుడు. అది చూసి నాయన, “మగ్గం నిలిపేసినాక నాకూ అట్లే నిద్ర పట్టల్యా” అన్నాడు. అలాంటి సినిమాను చక్కగా శుభ్రం చేసి, తీసినవాళ్ల మాటలూ, పక్కన పెట్టిన ముక్కలూ కలిపి ఒక డబ్బాలో ఇస్తే, నెల ఖర్చులో మిగిల్చి అయినా నేను కొంటాను. విదేశీ డిస్కులు మనలాంటివాళ్లకు ఖరీదే, కాదనను. కానీ ఊరికి ఒక గ్రంథాలయంలో ఒకటున్నా చాలు.

సినిమాల సంగతి వాళ్లు చూసుకుంటారు. మన ఇళ్ల సంగతి మనం చూసుకోవాలి. ఇంట్లో వీసీఆర్ క్యాసెట్లు ఉంటే ఈ నెలలోనే కాపీ చేయించండి. వీసీఆర్ యంత్రాలు చేసే ఆఖరి కంపెనీ 2016లోనే చేయడం ఆపేసింది, ఉన్నవి పాడైతే బాగు చేసేవాళ్లు కూడా దొరకరు. పెళ్లి వీడియో తీయిస్తే ఎడిట్ చేసినదే కాదు, కత్తిరించనిది మొత్తం అడిగి తీసుకోండి. రెండు చోట్ల పెట్టండి. ఎవరెవరు ఉన్నారో, ఏ తేదీనో రాసి పెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత మీరు వెతికేది తాళి కట్టే క్షణం కాదు, దాని వెనక నిలబడిన మనిషి.

నాయన ఊరికి వెళ్లే ముందు రోజు ‘ది కిడ్’ మళ్లీ చూశాం. ఈసారి పాప సినిమాను కాకుండా, సినిమా చూస్తున్న తాతను ఫోనులో తీసింది. నాలుగు నిమిషాలు. మొదటి మూడు నిమిషాల్లో ఏమీ జరగదు. తాత పక్కసర్దుకుంటాడు, కుక్కరు విజిల్ వేస్తుంది, నేను వెనక నుంచి ఉగ్గాణికి బొరుగులు నానబెట్టమని ఎవరికో చెబుతుంటాను. ఆ తర్వాత దుప్పటి సీను వస్తుంది, నాయన నవ్వుతాడు, అందరికంటే ముందు.

“నవ్వింది ఒక్కటి ఉంచి మిగతాది కట్ చేస్తానమ్మా, స్టేటస్ పెట్టుకోవచ్చు” అన్నాడు మా అబ్బాయి.

స్టేటస్‌కు కావాలంటే వేరే కాపీ చేసుకో, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు అన్నాను.